పన్నెండో ఉంగరం చల్లారే గంట

ఇనుము పగలబోయే ముందు నాకు చెప్పి మరీ పగులుతుంది. ఇందులో కోతలేమీ లేవు. యాభై ఏళ్ళుగా లోహానికీ నాకూ మధ్య నడుస్తున్న మర్యాద అది. చెవి కాస్త అటు వంచితే చాలు, ఎక్కడ నొప్పిగా ఉందో, ఇంకెంతసేపు ఓర్చుకోగలదో తనే చెప్పుకుంటుంది. అందుకే ఈ ప్రయోగశాలలో ఇంతమంది చదువుకున్నవాళ్ళుండగా, పల్లెటూరి బడిలో ఐదో తరగతి వెలగబెట్టి బయటపడ్డ నన్ను తెచ్చి ఈ రేకు పెట్టె పక్కన ముక్కాలిపీట మీద కూర్చోబెట్టారు. తల ఎడమకు వాల్చి, కళ్ళు సగం మూసి, మహా గొప్ప సంగతేదో వింటున్నవాడిలా కూర్చున్నాను. పెట్టె నిండా మెత్తటి అభ్రకపు పొట్టు, పొట్టు మధ్యలో పన్నెండో ఉంగరం. పెట్టె మీది చిన్న అద్దంలో ఎర్ర అంకెలు యాభై ఎనిమిది అంటున్నాయి. యాభైకి దిగితే మూత తీయవచ్చు. ఎనిమిది డిగ్రీలే కదా అంటారేమో, నిన్న పొద్దున వెల్డింగు వేడితో పొట్టులోకి దిగినప్పుడు గబగబా పరుగెత్తిన అంకెలు ఇప్పుడు మోకాళ్ళ నొప్పులవాడు మెట్లు దిగినట్టు ఒక్కో మెట్టుకీ ఆగి, కటకటా పట్టుకుని, అటూ ఇటూ చూసి దిగుతున్నాయి. అంటే నాలాగే. దిగు నాయనా, తొందరేం లేదు, నువ్వు దిగేదాకా నేను లేవను, లేద్దామన్నా మోకాళ్ళు ఒప్పుకోవు.

ఉంగరమంటే వేలికి తొడుక్కునేది కాదు, అరచేయంత స్టీలు వలయం. అణువిద్యుత్ కేంద్రంలో నీళ్ళ గొట్టాలకు పెద్ద పెద్ద వాల్వులుంటాయి, వాల్వు మూసినప్పుడు దాని బిళ్ళ వచ్చి ఆనుకునే సీటు ఇది. అక్కడి నీళ్ళు మామూలు నీళ్ళా, మూడొందల డిగ్రీల దగ్గర కూడా మరగడానికి వీల్లేకుండా ఒత్తిడిలో నొక్కిపెట్టిన నీళ్ళు. ఆ నీళ్ళలో నూనెచుక్క లేకుండా రెండు స్టీలు ముఖాలు ఒరుసుకుంటే తోబుట్టువులు ఆస్తికి కొట్టుకున్నట్టు ఒకదాన్నొకటి కరిచి పట్టుకుంటాయి, విడదీయబోతే చర్మం ఊడొస్తుంది. అందుకని సీటు మీద గట్టిపూత వేస్తారు. లోహపు పొడిని టార్చి మంట కింద కరిగించి, బియ్యపుగింజ మందాన, గుండ్రంగా. ఆ పూత ఎంత గట్టిదో అంత మొండిది. చల్లారేటప్పుడు కింద స్టీలు ఒకలా ముడుచుకుంటుంది, పైన పూత ఇంకోలా ముడుచుకుంటానంటుంది, ఆ లాగుడులో ఎక్కడో ఒకచోట, టింగ్. గాజుగ్లాసును గోటితో మీటినట్టు ఒకే ఒక్కసారి, అంతే, ఆ ఉంగరం చెత్తబుట్టకు. పదకొండు ఉంగరాలు టింగుమన్నాయి. ఒకటి వెల్డింగవుతుండగానే, కొన్ని పొట్టులో అడుగుపెట్టగానే, ఎనిమిదోది మాత్రం మమ్మల్నందరినీ ఊరించి ఊరించి సరిగ్గా యాభై నాలుగు దగ్గర. ఇదే చివరిది. రేపు పొద్దున పది గంటలకు కేంద్రం వాళ్ళు కూర్చుని పాతవి తీసేసి పెట్టబోయే కొత్త వాల్వులకు ఏ పూతో తేల్చేస్తారు. పగులు లేని ఉంగరం ఒక్కటి బల్ల మీద పెడితే, దాన్ని వేడినీళ్ళలో అరగదీసి చూసేదాకా ఆగుతామన్నారు. పెట్టలేకపోతే పాత కోబాల్టు పూతే, ఇంకో పాతికేళ్ళు. ఆ పాతికేళ్ళూ ఆ వాల్వుల ముందు కూర్చుని విప్పి బిగించేది ఇంకెవరో అయితే నేనూ ఏవో పాట్లు పడనీలే అనేవాణ్ణేమో, ఆ ఇంకెవరో మా అమ్మాయి.

యాభై ఏడు. ఇక్కడ దీన్ని వినేగంట అంటారు. మూత తీయడానికి ముందు ఆఖరి గంట ప్రయోగశాల అంతా మూగనోము పడుతుంది. ఫోన్లు సొరుగులో పడేస్తారు, గ్రైండర్ల ప్లగ్గులు పీకేస్తారు, చప్పుడయ్యే చెప్పులు గుమ్మం బయటే, టీలోకి స్టీలు చెంచా నిషేధం. పెట్టెకో చిన్న యంత్రం కూడా తగిలించారు, చప్పుడు పట్టేది, కానీ దానికి మంచీ చెడూ తెలియదు, వీధిలో లారీ వెళ్ళినా, పక్కగదిలో ఎవరైనా తుమ్మినా ఉంగరం పగిలిందని గీత గీసేస్తుంది. నాలుగో ఉంగరమప్పుడు ఎర్రచేతులాయన మర్చిపోయి గ్లాసులో చెంచా తిప్పాడు, టింగ్ మంది, మా డాక్టరమ్మ కుర్చీలోంచి లేచి అక్కడే మళ్ళీ కూలబడింది. ఆరోజు నుంచి ఆయన చెక్కపుల్లతో తిప్పుకుంటాడు. డాక్టరమ్మ అంటే మందులిచ్చే డాక్టరు కాదు, లోహాల డాక్టరు, పొడిలో ఏది ఎంత కలపాలో లెక్కకట్టేది ఆవిడే. వయసులో మా అమ్మాయికన్నా రెండేళ్ళు చిన్న, ఓపికలో ఇరవయ్యేళ్ళు చిన్న. ఎర్రచేతులాయన పగుళ్ళు పరీక్షించేవాడు. లోహం మీద ఎర్రరంగు పూసి, తుడిచి, తెల్లమందు చల్లి, పగుల్లో దాక్కున్న ఎరుపు తెలుపు మీదికి ఎప్పుడు ఊరుతుందా అని చూడటమే ఇరవయ్యేళ్ళుగా ఆయన పని, ఆ ఎరుపు ఇక వేళ్ళనుంచి పోదు. పెళ్ళిచూపులకు వెళ్తే పిల్ల తరఫువాళ్ళు కసాయివాడనుకుని తలుపేశారని నేనే ప్రచారం చేశాను. ఆయన కాదనడు. కాదంటే నేను ఇంకోటి కల్పిస్తానని తెలుసు.

కోబాల్టు పూతను తిట్టడానికి నాకు నోరు రాదు, పాతికేళ్ళు నాకు అన్నం పెట్టింది అదే. ఆ కేంద్రం కట్టేటప్పుడు వాల్వుల సీట్లకు పూత వేసింది ఈ చేతులే, రెండొందల పదహారు సీట్లు. ఎంత గట్టిగా వేశానంటే, పరీక్షకని ఆకురాయి పెట్టి రుద్దితే పూత అరగలేదు, ఆకురాయి అరిగిపోయింది, దాన్ని తయారుచేసినవాడు కబురు తెలిసి వచ్చి నా ముందు కూర్చుని ఏడ్చాడు, నేనే ఓదార్చి టీ తాగించి పంపించాను. ఈ కథ చెప్పినప్పుడల్లా ఇంటావిడ వంటగదిలోంచి, "పోయినసారి కాఫీ అన్నారు," అంటుంది. అలాంటి పూత కూడా అరుగుతుంది. ఏడాదికి చిటికెడు, చిటికెడైనా కాదు, కానీ అరుగుతుంది. ఆ అరిగిన దుమ్ము నీళ్ళలో పడి ఊరేగి ఊరేగి రియాక్టరు గుండెలోకి పోతుంది, అక్కడ కొన్నాళ్ళు కాపురం చేసి బయటికొచ్చేటప్పటికి అది మునుపటి కోబాల్టు కాదు, ఒంటినిండా కిరణాలు. వచ్చి ఏ గొట్టం మలుపులోనో, ఏ వాల్వు చంకలోనో అతుక్కుని కూర్చుంటుంది. కేంద్రం ఆపి మరమ్మతు చేసే రోజుల్లో మనుషులు లోపలికి వెళ్ళి ఆ వాల్వు ముందు కూర్చుంటే అది వాళ్ళ ఒంట్లోకి చూస్తూ ఉంటుంది. ఎంత చూసిందో లెక్క చొక్కా మీది బ్యాడ్జీలో పడుతుంది, ఏడాదికి ఇంత దాటకూడదని హద్దుంది. మా అమ్మాయి అక్కడ వాల్వుల ఫిట్టరు. ఇంట్లో పిడుగు అంటాం. చిన్నప్పుడు కుట్టుమిషను విప్పింది, బిగించింది, మూడు మరలు మిగిలాయి, మిషను మాత్రం ముందుకన్నా బాగా కుట్టింది. ఇది కోత కాదు, ఆ మూడు మరలూ ఇప్పటికీ నా దగ్గరున్నాయి.

పోయిన ఏడాది మరమ్మతుల నుంచి వచ్చి భోజనాల బల్ల దగ్గర కూర్చుంది పిడుగు. ఏమే, పని పూర్తయిందా అంటే, "ఎక్కడ నాన్నా, పదకొండు నిమిషాలకే బయటికి లాగేశారు, ఒక్క వాల్వుకి నలుగురం మారాం. నీ దుమ్ము మళ్ళీ పలకరించింది," అంది. నా దుమ్మేమిటే అన్నాను. నాకు నిజంగానే తెలియదు. పూత వేయడం తెలుసు, అది ఎక్కడికి పోతుందో ఎవడాలోచించాడు. పిడుగు చపాతీలు వత్తే పిండి చిటికెడు తీసి బల్ల మీద పెట్టి ఉఫ్ మని ఊదింది. నా గ్లాసు మీద, వాళ్ళమ్మ చీర మీద, ఉప్పుడబ్బా మీద, నా మీసం మీద. "ఇదిగో, ఇదీ నీ పూత. నువ్వు అంత గట్టిగా వేశావు కాబట్టి ఇంతే, ఇంకెవరైనా వేసుంటే బుట్టెడు," అని నవ్వింది. నేనూ నవ్వాను. ఇంటావిడ మాత్రం నవ్వలేదు, కొంగు దులుపుకుంటూ, "తుడిచేది ఎవరు?" అంది. బల్ల సంగతే అడిగింది పాపం. నా చెవిలో మాత్రం అది వేరే చోట పడింది. తుడిచేది ఎవరు. మీసం మీది పిండి దులుపుకుందామని చెయ్యెత్తి దులుపుకోకుండానే దించేశాను. రెండొందల పదహారు సీట్లు, ఒక్కోటీ పూర్తయ్యాక గోటితో మీటి మురిసిపోయేవాణ్ణి. ఆ మురిపెమంతా పొడిపొడిగా రాలి మా పిడుగు మీద పడుతోందన్నమాట.

యాభై ఆరు. పడవోయ్, బాగానే పడుతున్నావు. ఆ తర్వాత కోబాల్టు లేని పూత కనిపెడుతున్నారట, నికెల్ పొడితోనట, పగిలిపోతోందట అని తెలిసింది. ప్రయోగశాల వాళ్ళు నాకోసం కారు పంపించారని మా వీధిలో అందరికీ చెప్పాను. కారు సంగతి ఇప్పుడెందుకుగానీ రెండు బస్సులు మారి నేనే వచ్చాను. గేటు దగ్గర కాపలాయన ఎవరు కావాలి అంటే, పగిలిపోతున్నవాళ్ళు కావాలి అన్నాను. డాక్టరమ్మ వచ్చి నన్ను ఎగాదిగా చూసి, "మీరేం చేయగలరు బాబాయ్?" అంది. పగిలినవి చూపించమన్నాను. అప్పటికి మూడు ఉంగరాలు పగిలి బల్ల మీదున్నాయి. మూడూ ఒకేచోట పగిలాయి, వెల్డింగు చేసే మరచెయ్యి పూతను మొదలుపెట్టి చుట్టూ తిరిగొచ్చి మొదలును కలుపుకుని ఆగిపోయిన చోట. చూడగానే నవ్వొచ్చింది. యంత్రానికేం తెలుసు, పని అయిపోయింది అనుకుని టక్కున ఆపేస్తుంది. మనిషి అలా ఆపడు. చుట్టాలింట్లోంచి వెళ్ళేటప్పుడు లేచిన వెంటనే వెళ్ళిపోతామా, లేచి, గుమ్మం దాకా వచ్చి, చెప్పులేసుకుంటూ ఒక మాట, గేటు దగ్గర ఒక మాట, అలా మెల్లమెల్లగా కదా వదిలేది. మూసేచోటు దాటి రెండు వేళ్ళు ముందుకెళ్ళి, మంటను పెంచీ తగ్గించే పెడలు మీద కాలు కొంచెం కొంచెం తేలికచేస్తూ, మంటకు కూడా తెలియకుండా మంటను ఆర్పాలి. ఆవిడ, "దీన్నంతా అంకెల్లో చెప్పగలరా?" అంది. నా కాలును అడగండి అన్నాను. కాలికింద తీగలు పెట్టి మూడు రోజులు అంకెలు తీసుకుని మరచెయ్యికి నేర్పింది. మూసేచోటు పగలడం ఆగిపోయింది. ఇంకోచోట పగలడం మొదలైంది.

అప్పుడు పొడి మార్చింది. గట్టిదనమిచ్చే బోరాను కాస్త తగ్గించి పన్నెండో ఉంగరానికి కొత్తపాకం కట్టింది, కట్టి నాలుగు రోజులు తిండి సయించక తిరిగింది, మెత్తబడిపోతుందేమో, త్వరగా అరిగిపోతుందేమో, అరిగితే ఇంత శ్రమా ఎందుకు అని. నేను, "ఉప్పు తక్కువైన కూర తినలేమా ఏం, కారం మింగి కన్నీళ్ళు పెట్టుకునేకన్నా నయం," అన్నాను. "బాబాయ్, ఇది కూర కాదు," అంది. కాదని నాకు తెలియదా, నవ్వుతుందేమోనని అన్నాను. నవ్వింది. నవ్వితే చాలు, బోరాను సంగతి తర్వాత.

ఇంత వినికిడి నాకెలా వచ్చిందని అడుగుతారు. మా ఊరి బడిలో గంట అంటే కమ్మీకి కట్టిన రైలు పట్టా ముక్క. ఏడేళ్ళప్పుడు ఒకరోజు ఆ గంట మోగితే అందరూ లోపలికి పరిగెత్తారు, నేనొక్కణ్ణీ నిలబడి, పంతులుగారూ, గంటకు ఒంట్లో బాగాలేదండీ అన్నాను. బడి ఎగ్గొట్టే ఎత్తని రెండు తగిలించారు. మర్నాడు మొదటి దెబ్బకే గంట రెండు ముక్కలు. ఒక ముక్క పంతులుగారి కాలిమీద. ఇంకో ముక్క, చెప్పేవేళను బట్టి, ఒక్కోసారి బావిలో పడుతుంది, ఒక్కోసారి హెడ్మాస్టరుగారి గొడుగు చించుకుని వెళ్తుంది. ఆ బడిలోనే నాతో చదివిన ఇంటావిడ మాత్రం, "రైలు పట్టా పగలడమేమిటండీ, తాడు తెగింది," అంటుంది. తెగే ఉండవచ్చు. అరవై నాలుగేళ్ళయింది, తాడు సంగతి ఎవరికి గుర్తుంటుంది. పంతులుగారి వేళ్ళ మధ్య నలిగిన చెవి మాత్రం గుర్తుంది, ఆ వేడి, ఆ గుయ్యిమనే రొద, కిటికీలోంచి పడుతున్న ఎండలో సుద్దపొడి తేలడం, అది ఎప్పటికీ కిందికి దిగకపోవడం. సన్నటి పొడి ఏదైనా అంతే, దిగదు, గాలో నీరో మోసుకు తిరుగుతుంది.

యాభై అయిదు. ఇక యాభై నాలుగు వస్తుంది, ఎనిమిదోది పోయిన చోటు. వచ్చేలోగా ఒక సంగతి ఒప్పుకోవాలి. ఇనుము నాకు చెప్పి పగులుతుందన్నాను కదా, చెబుతూనే ఉందేమో, నాకు వినపడదు. కుడిచెవి ఉలీ సుత్తీ చప్పుళ్ళకు నలభై అయిదో ఏటే సెలవు పుచ్చుకుంది. ఎడమచెవికి యంత్రం ఉంది. అది ఈలవేస్తుందని చొక్కాజేబులో పెట్టుకుంటాను, కాబట్టి జేబుకు చక్కగా వినపడుతుంది, నాకు కాదు. అసలు పెట్టుకుందామన్నా బ్యాటరీ అయిపోయి రెండు వారాలు. చెవితో వినడం ఎప్పుడో మానేసి పళ్ళతో వినేవాణ్ణి. వెల్డింగుచువ్వ ఒకటి పెట్టెకు ఆనించి రెండోకొన పళ్ళ మధ్య బిగిస్తే, టింగుమన్నప్పుడు దవడలో చీమ కుట్టినట్టుంటుంది. మోసం కాదు, నిజంగా తెలుస్తుంది, ఏడో ఉంగరం దాకా తెలిసింది. ఆ తర్వాత పళ్ళడాక్టరు మిగిలిన పై నాలుగూ పీకి పెట్టుడుపళ్ళు బిగించాడు. వాటికి చువ్వ ఆనిస్తే పళ్ళు కదులుతాయి తప్ప కబురేమీ రాదు. మరి ఎనిమిదో ఉంగరం పగిలినప్పుడు అందరికన్నా ముందు వేలెత్తావు కదా ముసలాడా అంటారా. డాక్టరమ్మకు పాముచెవులు. టింగుమనగానే ఆవిడ కనుబొమలు ఎగురుతాయి, నోట మాట రావడానికి మాత్రం కొంచెం టైము పడుతుంది, ఆ కొంచెంలో నేను వేలెత్తేస్తాను. తొమ్మిదీ, పదీ, పదకొండూ అలాగే. నేను విన్నది లోహాన్ని కాదు, ఆ కనుబొమల్ని.

అన్నీ బాగానే ఉన్నాయిగానీ ఇవాళ డాక్టరమ్మ కిటికీ వైపు తిరిగి కూర్చుంది. జడ కనబడుతోంది, కుర్చీ కింద ఒక కాలు ఊగుతోంది. జడ ఏమీ చెప్పదు. ఎర్రచేతులాయన మొహంలోకి చూద్దామంటే ఆయనకు సహజంగానే ఎప్పుడూ ఆశ్చర్యపడుతున్న మొహం. యాభై నాలుగు. వచ్చింది. ఉంది. ఉంగరమా, నువ్వు బాగున్నావా, ఉన్నావంటే ఎలా తెలిసేది, లేవంటే ఎలా తెలిసేది, ఇప్పుడే ఏమైనా అన్నావా, అని ఉంటే ఒకసారి గట్టిగా, పెద్దవాణ్ణి. పెట్టె రేకు మీద అరచెయ్యి ఆనించాను. గోరువెచ్చగా ఉంది. పిడుగు పుట్టినప్పుడు మొదటిసారి చేతికిచ్చారే, ఆ వేడి. అప్పుడూ ఇంతే, బాగుందో లేదో ఏడ్చేదాకా తెలియదన్నారు, అదేమో ఏడవదు, నర్సు తలకిందులుగా పట్టుకుని కొడితే ఏడవకుండా నర్సు వాచీ పట్టుకుంది. సరే, వాచీ పట్టుకోలేదు, ఏడ్చింది. కానీ ఆ మధ్యలో ఒక పదిసెకన్లు ఉన్నాయే, నా జన్మలో అంత నిశ్శబ్దం మళ్ళీ ఇవాళే. చెవిటివాడికి నిశ్శబ్దం కొత్తా అంటారేమో, కొత్తే. నాకు వినపడని చప్పుడు వేరు, లేకుంటే బాగుండునని కోరుకునే చప్పుడు వేరు.

యాభై మూడు. డాక్టరమ్మ లేచింది, మొహం చూద్దామంటే చేతిలో కాగితం అడ్డం పెట్టుకుంది. పెట్టె దాకా వచ్చింది. మూత మీద చెయ్యి వేసింది. నేను ఆ చెయ్యి వైపు చూశానంతే. చెయ్యి తీసేసింది. ఆరో ఉంగరమప్పుడు నేను టీకి వెళ్ళిన ఐదు నిమిషాల్లో, లోపల ఎలా ఉందో ఒక్కసారి చూద్దామని నూట పది డిగ్రీల దగ్గర మూత ఎత్తింది, చలిగాలి లోపలికి పోయింది, అప్పటిదాకా బంగారంలా ఉన్న ఉంగరం ఆవిడ కళ్ళముందే టింగుమంది. ఈ పనిలో ఉన్నవాళ్ళు తప్ప ఇంకెవరూ చేయని తప్పు అది. మామూలు మనిషి అయితే పొట్టులో ఇనుపముక్కను ఎందుకు తీసి చూస్తాడు, ప్రేమున్నవాళ్ళే తీసి చూసి చంపుకుంటారు. ఆరోజు ఆవిడ ఏడుస్తుంటే, నేను వయసులో ఉన్నప్పుడు ఇంతకన్నా పెద్ద మూత, ఒక ఓడంత మూత తీసేశానమ్మా అని చెప్పాను. ఓడకు మూతేమిటని అడగలేదు, పాపం, అంత ఏడుపులో ఉంది.

యాభై రెండు. కాలు తిమ్మిరెక్కింది. యాభై ఒకటి. ఎర్రచేతులాయన డబ్బాలు సర్దుకుంటున్నాడు, ఎర్రది, తుడిచేది, తెల్లది, ఒక్కోటీ పసిపాపను పడుకోబెట్టినట్టు చప్పుడు లేకుండా. యాభై ఒకటి, యాభై ఒకటి, ఇంకా యాభై ఒకటే, ఈ అంకె పాడైపోయిందేమో, కాదు, యాభై.

"ఏమంటారు బాబాయ్?" డాక్టరమ్మ అడిగింది. పెదాల కదలిక చూసి పట్టుకున్నాను.

అప్పుడు నేను పీట మీదనుంచి లేచి, చొక్కాజేబులోంచి చెవియంత్రం తీసి బల్ల మీద పెట్టి, నాకేమీ వినపడలేదమ్మా, వినపడే ఏర్పాటే లేదు, ఎనిమిదో ఉంగరం నుంచీ మీ కనుబొమలు చూసి నెట్టుకొస్తున్నాను అని చెప్పేశాను. గుండె తేలికైంది. ఇక కోపంతో పొమ్మంటుందనుకున్నాను.

"తెలుసు," అంది, దగ్గరికొచ్చి కాస్త గట్టిగా. "ఎనిమిదోదాని నుంచే తెలుసు. వేలెత్తే ముందు నా మొహంలోకి చూస్తారు. అందుకే ఇవాళ కిటికీ వైపు తిరిగా, ఏం చేస్తారో చూద్దామని."

"మరి నన్నెందుకమ్మా కూర్చోబెట్టారు?"

"ఆరోదాని మూత తీసిందెవరు?"

"మీరే."

"మీరు కూర్చున్నాక ఎప్పుడైనా తీశానా? మీరు వినడానికి కాదు బాబాయ్. ఆ పీట ఖాళీగా ఉంటే నా చెయ్యి ఊరుకోదు."

"మీకేమైనా వినపడిందా మరి?"

"లేదు. కానీ మధ్యలో బయట లారీ వెనక్కి తీశారు, ఆ రెండు నిమిషాలూ నాకూ తెలియదు."

అంటే ఈ గదిలో ఎవరికీ ఏమీ తెలియదన్నమాట. ఎంత హాయిగా అనిపించిందో చెప్పలేను, పరీక్షలో పక్కవాడికి కూడా జవాబు రాదని తెలిసినట్టు. మూత తీశాం. పొట్టు చేత్తో పక్కకు నెడితే ఉంగరం బయటపడింది, మూసేచోట నా కాలు వేసిన తోక సన్నగా, ముగ్గుపొడి వేళ్ళలోంచి అయిపోతూ అయిపోతూ వదిలిన గీతలా. ఎర్రచేతులాయన ఎర్రరంగు పూశాడు. పది నిమిషాలు నానాలి. తుడిచాడు. తెల్లమందు చల్లాడు. ఉంగరం పెళ్ళికూతురు పౌడరు రాసుకున్నట్టు తెల్లబడింది. ఇంకో పది నిమిషాలు, పగులుంటే అందులో నక్కిన ఎరుపు దారంలా బయటికి రావాలి. ముగ్గురం తలలు ఆనించి చూస్తున్నాం. మూడో నిమిషంలో వచ్చింది. మూసేచోటుకు బెత్తెడు అవతల ఆవగింజంత ఎర్రచుక్క. డాక్టరమ్మ నా మణికట్టు పట్టుకుంది, గోళ్ళు దిగాయి. నేను పిడుగునే తలుచుకుంటున్నాను, దానికి ఫోనులో ఏ అబద్ధం చెప్పాలా అని వెతుకుతున్నాను, ఒక్కటీ దొరకడం లేదు, నాకు అబద్ధం దొరక్కపోవడం పుట్టాక అదే మొదలు. ఎర్రచేతులాయన మాత్రం చుక్కను చూడకుండా తన చూపుడువేలు చూసుకుంటున్నాడు. "ఒక్క నిమిషం మేస్త్రీ," అని గుడ్డతో అక్కడ తుడిచి, చేతులకు తొడుగు వేసుకుని మళ్ళీ తెల్లమందు చల్లాడు. పది నిమిషాలు మొదటినుంచీ. రాలేదు. అది ఆయన వేలిచుక్క. ఇరవయ్యేళ్ళ ఎరుపు. ఉంగరం తెల్లగా ఉంది, ముందూ వెనకా తెలుపే. డాక్టరమ్మ ఆయన్ని కొడుతుందో దణ్ణం పెడుతుందో తెలియక రెండూ చేసింది.

సొరుగులోంచి ఫోను తీసి, చెవియంత్రానికి వేరే బ్యాటరీ వేయించుకుని, పిడుగుకు చేశాను.

"మోగిందా నాన్నా?"

"మోగలేదే."

"అది మోగలేదా, నీకు వినపడలేదా?"

ఇంట్లో కూడా అందరికీ తెలుసన్నమాట. "రంగు వేసి చూశాం. తెల్లగా ఉంది. రేపు వాళ్ళు ఆగాల్సిందే."

అవతల ముక్కు ఎగపీల్చిన చప్పుడు, అది మాత్రం స్పష్టంగా వినపడింది. "అయితే నా వాల్వులకు ఇక నీ దుమ్ము రాదా?"

"కొత్తది రాదు, వేడినీళ్ళ పరీక్ష కూడా గట్టెక్కితే. పాతది ఉంటుంది, ఐదేళ్ళకు సగం అవుతుందంటగా."

"ఉండనీలే. అదీ లేకపోతే అక్కడ నన్ను పలకరించేది ఎవరు," అంది, అని నవ్వి, "నాన్నా, వాల్వు విప్పుకుంటూ మాట్లాడుతున్నా, పెట్టేయ్," అంది.

ఇందులో ఆకురాయివాడి ఏడుపూ, బావిలో పడ్డ గంటముక్కా మీరెలాగూ నమ్మి ఉండరు, వాటిని లెక్కలో వేయను. మిమ్మల్ని నమ్మించడానికి కల్పించింది ఒక్కటే. ఏమంటారు బాబాయ్ అని డాక్టరమ్మ అడిగినప్పుడు నేను చెవియంత్రం తీసి బల్ల మీద పెట్టలేదు. గొంతు సవరించుకుని, "చీమ తుమ్మినా వినపడేంత నిశ్శబ్దంగా ఉందమ్మా, మూత తీయండి," అన్నాను. ఒప్పుకున్నది తర్వాత, ఉంగరం రెండోసారి తెల్లగా తేలి, ముగ్గురం టీ తాగుతున్నప్పుడు. ఎర్రగీత కనబడి ఉంటే ఒప్పుకునేవాణ్ణి కాదు. యాభై నాలుగు దగ్గరే విన్నానమ్మా, మీ మనసు కష్టపెట్టడం ఇష్టంలేక ఊరుకున్నాను, అనేవాణ్ణి.